నీళ్లు పారబోయలేని ఇంట్లో పసిబిడ్డ

డాలస్‌లో మేముండే అపార్ట్‌మెంట్ స్విమ్మింగ్ పూల్ చుట్టూ కంచె ఉంటుంది. గేటు వదిలేస్తే దానంతటదే మూసుకుంటుంది. గడియ పిల్లల చేతికి అందదు. అమెరికాలో 1 నుంచి 4 ఏళ్ల పిల్లల మరణాలకు మొదటి కారణం నీళ్లలో మునిగిపోవడమే. అందుకే బాబు ఏడాది చెకప్‌లోనే డాక్టరమ్మ బాత్‌టబ్బు, బకెట్ల గురించి గట్టిగా చెప్పింది. వాడిన వెంటనే ఒంపేయాలంది. సరేనన్నాను. అక్కడ అదేం కష్టం కాదు.

వింజమూరు వైపు మా పుట్టింట్లో ఆ మాట చెల్లలేదు. నెల్లూరు జిల్లా అనగానే అందరికీ పెన్నా, కాలవలు, వరి చేలు గుర్తొస్తాయి. మాది మెట్ట. మా వీధి కుళాయికి నాలుగైదు రోజులకోసారి నీళ్లొస్తాయి. వచ్చిన రోజు అమ్మ ఇంట్లో ఒక్క గిన్నె ఖాళీగా ఉండనివ్వదు. పెరట్లో సంపు, వసారాలో రెండు డ్రమ్ములు, బాత్రూంలో నాలుగు బకెట్లు, బర్రెకు కుడితి గోలెం. నీళ్లకు కరువున్న చోటే ఇంట్లో నీళ్లు ఎక్కువ నిలవుంటాయి. పుట్టి పెరిగిన ఇల్లే అయినా, చంటిబిడ్డను ఎత్తుకుని వెళ్తే గానీ నాకది తట్టలేదు.

వెళ్లిన మూడో రోజు మధ్యాహ్నం. ఇంట్లో పన్నెండు మందిమి ఉన్నాం. బాబు మా నాన్న దగ్గరున్నాడని నేను, అక్క దగ్గరున్నాడని నాన్న అనుకున్నాం. బాత్రూం తలుపు ఓరగా తెరిచి ఉంది. వాడు బకెట్ అంచు ఒక చేత్తో పట్టుకుని, తేలుతున్న మగ్గు కోసం లోపలికి వంగి ఉన్నాడు. మడమలు నేలకు ఆనడం లేదు. చొక్కా పట్టుకుని లాగాను. ముందు జుట్టు తడిసింది, అంతే. వాడు ఏడవను కూడా లేదు, మగ్గు కావాలన్నాడు. నా చేతుల వణుకు రాత్రి దాకా తగ్గలేదు.

ఆ వయసులో ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ. తలకిందులుగా పడితే తిరిగి లేవలేరు. ముక్కు, నోరు మునగడానికి 5 సెంటీమీటర్ల నీళ్లు చాలు. కేకలుండవు. నోరు నీళ్లలో ఉంటే బిడ్డ ఎలా అరుస్తుంది? చప్పుడైతే వినపడదా అనే ధీమా మనసులోంచి తీసేయాలి.

ఆ సాయంత్రమే అన్నీ ఒంపేద్దామన్నాను. "మళ్లా ఎప్పుడొస్తాయో నీళ్లు, పారబోసి యాడ తెచ్చేది?" అంది అమ్మ. ఆ మాటలో తప్పేముంది? ఒంపలేనప్పుడు మూయాలి. డ్రమ్ములకు బిగించే మూతలు కొన్నాం. సంపు మీద అప్పటిదాకా రేకు ముక్క ఉండేది, బిడ్డ కాలు పెడితే వంగేలా. వెల్డింగ్ షాపులో గడియ ఉన్న ఇనుప మూత చేయించాం. బకెట్ల మీద గుడ్డ కప్పడం మాన్పించాను, అడుగున నీళ్లున్న సంగతే కనపడదు. బాత్రూం తలుపుకు బయట, పైన ఇంకో గడియ. గోలెం వైపు పోకుండా పెరటి వాకిలికి తడిక.

ఇంటినిండా జనం ఉండడం దీనికంటే పెద్ద సమస్య. ఎవరో ఒకరు చూస్తున్నార్లే అని అందరూ అనుకుంటారు. అందుకని నాన్న ఎర్ర తువ్వాలు తీసుకున్నాం. అది ఎవరి భుజం మీదుంటే బాబు వాళ్ల బాధ్యత. ఫోనొచ్చినా, పొయ్యి మీద పాలు పొంగినా, ముందు తువ్వాలు ఇంకొకరికి వేసి కదలాలి. మొదట అక్క నవ్వింది. వారం తిరక్కుండా "తువ్వాలు ఎవరి దగ్గరుంది?" అని తనే అడగసాగింది.

ఊళ్లో ఇప్పటికీ నీళ్లలోంచి తీసిన బిడ్డను తలకిందులుగా పట్టుకుని తిప్పుతారు, పొట్ట నొక్కుతారు. దాంతో విలువైన నిమిషాలు పోతాయి. ఊపిరి లేకపోతే వెంటనే నోటితో ఊపిరి ఊదాలి, ఛాతీ నొక్కాలి, ఈలోగా ఒకరు 108కి ఫోన్ చేయాలి. నేను క్లాసులో నేర్చుకున్నది నాన్నకు, అక్కకు తలగడ మీద చూపించాను.

మొన్న వీడియో కాల్‌లో అమ్మ ఫోన్ పట్టుకుని పెరట్లోకి వెళ్లింది. సంపు మూతకు గడియ పెట్టి ఉంది. ఇంట్లో ఇప్పుడు చిన్నపిల్లలెవరూ లేరు కదమ్మా అన్నాను.

"పక్కింటి పాప పాకతా ఉంది" అంది.