పాత చైన్ల హంస

వరంగల్ కోట కీర్తి తోరణాలపై కనిపించే హంసను నమూనాగా తీసుకొని, పాత ఇనుప సామాన్ల దుకాణంలో కిలోల లెక్కన కొన్న బైకు చైన్లు, స్పానర్లతో ఒక శిల్పం చేస్తున్నాను. మెడ వంపు కోసం చైనును డీజిల్‌లో నానబెట్టి, గ్రీజు వదిలేదాకా వైరు బ్రష్‌తో రుద్ది, పొడిగా తుడిచి, కావలసిన వంపులో బిగించి, ఒక్కొక్క లింకు దగ్గర చిన్న వెల్డింగ్ అతుకు (టాకా) వేయాలి. జిడ్డు మిగిలితే అతుకులో బుడగలు పడి గుల్లబారుతుంది.

కళ్లకు బేరింగులు చక్కగా నప్పుతాయి. అయితే వాటి ఉక్కులో కార్బన్ దాదాపు 1 శాతం ఉండటం వల్ల, వెల్డింగ్ వేడి తగిలి త్వరగా చల్లారితే పగుళ్లు వస్తాయి కనుక, వాటిని రేకు పట్టీతో బిగిస్తాను. జీఐ పైపు ముక్కలను ఉచితంగా ఇచ్చినా తీసుకోను: వాటి పూతలోని జింక్ 907 డిగ్రీల సెల్సియస్ వద్దే మరుగుతుంది, ఆ పొగ పీలిస్తే చలిజ్వరం పట్టుకుంటుంది.

చూసినవారు రంగు వేయమంటారు గానీ, రెక్కల్లోని స్పానర్ల మీది అంకెలు కనబడకపోతే అందమేముంది? తుప్పు పట్టకుండా పారదర్శకమైన లక్కర్ మాత్రమే పూస్తాను.