“చురుగ్గా అంటే ఏమిటి మేడమ్?”

లెక్కల క్లాసులో పిల్లల మాటల్లోంచి ముఖ్యమైన క్షణాలను గుర్తుపట్టడం టీచర్లకు నేర్పే శిక్షణ నిన్ననే ముగిసింది. మంట ఇంకా చల్లారలేదు, అందుకే వెంటనే రాస్తున్నాను.

దానికోసం మన పాఠం రికార్డు చేయడం, అందులోంచి చిన్న ముక్క కత్తిరించడం కష్టమేమీ కాదు. మైకు మాత్రం పిల్లల దగ్గర పెట్టండి. మన గొంతు ఎలాగూ వినిపిస్తుంది.

తిప్పలన్నీ ఆ ముక్క చూసి రాయమన్నప్పుడే. నా క్లిప్పులో ప్రశ్న: 3/4, 5/6లలో ఏది పెద్దది? ఒక పిల్లాడు “రెండూ సమానమే టీచర్, రెండింట్లోనూ ఒక్క ముక్కే తక్కువ” అన్నాడు. నేను “పిల్లలు చురుగ్గా పాల్గొన్నారు, ఒకరికి భిన్నాలు అర్థం కాలేదు” అని రాసిచ్చాను. శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్ దాన్ని అందరి ముందూ పైకి చదివాడు. “చురుగ్గా అంటే ఏమిటి మేడమ్? వీడియోలో ఎక్కడుందో చూపించండి.” వెనకనుంచి ఎవరో నవ్వారు. మళ్లీ రాశాను, మళ్లీ కొట్టేశాడు. “అర్థం కాలేదన్నది మీ తీర్పు. వాడేమన్నాడో రాయండి.” తనిఖీకి వచ్చినవాళ్లు కూడా నన్నెప్పుడూ అలా నిలబెట్టలేదు. పక్కకు పిలిచి చెబితే ఏం పోయింది? పిల్లల్ని నలుగురిలో చిన్నబుచ్చొద్దని మాకు పాఠం చెప్పిందీ ఆయనే!

కోపంతోనే వాడి మాటను ఉన్నదున్నట్టు రాశాను. అప్పుడు కనిపించింది. ఒకటికి ఎంత తక్కువో చూసి పోల్చడం మంచి పద్ధతే. కాకపోతే ఆ తగ్గిన ముక్క ఒకచోట 1/4, ఇంకోచోట 1/6. “ఆ రెండు ముక్కల్లో ఏది చిన్నది?” అని అడిగితే 5/6 పెద్దదని వాడే చెప్పగలడు. అదే 3/5, 5/6 ఇచ్చి ఉంటే? “దీంట్లో రెండు తక్కువ, దాంట్లో ఒకటే తక్కువ” అని ముక్కలు లెక్కపెట్టి కూడా సరైన జవాబే చెబుతాడు. ముక్కల సైజు చూడలేదన్నది బయటపడదు, మనం శభాష్ అని ముందుకెళ్లిపోతాం.

2010లో జేకబ్స్, లాంబ్, ఫిలిప్ అనే పరిశోధకులు పిల్లల లెక్కల ఆలోచనను టీచరు గమనించడాన్ని మూడుగా విడదీశారు: పిల్లల పద్ధతిని పట్టుకోవడం, అందులో వాళ్లకేం తెలుసో అర్థం చేసుకోవడం, ఎలా స్పందించాలో నిర్ణయించుకోవడం. మేం మొదటి రెండు మెట్లూ ఎగిరి నేరుగా మూడోదానికి దూకుతామట. ఈ సంగతి మొదటి రోజే చెప్పి ఉంటే నాకీ అవమానం తప్పేది. పిల్లలు అన్న ప్రతి మాటా ముఖ్యమైన క్షణం కాదు. దాని వెనక లెక్కల ఆలోచన ఉండాలి, అది ఆ రోజు పాఠానికి పనికిరావాలి, అక్కడికక్కడే అందరి ముందు పెడితే క్లాసు ముందుకు కదలాలి. ఈ జల్లెడ పట్టడంలో చివరికి ఆ హాల్లో నన్ను మించినవాళ్లు లేరు, నవ్వినవాళ్లతో సహా.

మా పర్యవేక్షణ ఫారంలో మాత్రం ఇప్పటికీ “విద్యార్థులు చురుగ్గా పాల్గొన్నారా? అవును/కాదు” అనే గడి ఉంది. దాన్ని తయారుచేసినవాళ్లకు ఈ శిక్షణ ఎప్పుడు పెడతారో కనుక్కోవాలి.