కాపురం చెయ్యని ఇల్లు

2018 జూలైలో అమ్మని రూజ్‌వెల్ట్ ఐలాండ్ ట్రామ్ (నది మీదుగా తీగల మీద వెళ్ళే కేబుల్ కారు) ఎక్కిద్దామని న్యూయార్క్‌లోని మన్‌హటన్ తీసుకెళ్ళాను. న్యూజెర్సీలో మేముండే ఎడిసన్ నుంచి కార్లో బయల్దేరడమే తప్పయింది. రెండు గంటల పార్కింగ్‌కి 42 డాలర్లు. "రెండు బస్తాల బియ్యం రా!" అంది అమ్మ. ట్రామ్ దగ్గర క్యూ చూశాక ఆవిడకి ఉన్న ఓపిక కూడా పోయింది. నీడ చూసుకుంటూ 61వ వీధిలోకి నడిచాం.

అక్కడ క్వీన్స్‌బరో వంతెన దగ్గర, ఆకాశాన్నంటే అపార్ట్‌మెంట్ల మధ్య ఒక పాత రాతి ఇల్లు ఇరుక్కుని ఉంది. మౌంట్ వెర్నన్ హోటల్ మ్యూజియం అట. ఏసీ ఉంటుందనే ఆశతోనే టికెట్లు కొన్నాను.

తీరా చూస్తే అది 1799లో గుర్రబ్బండ్ల కోసం కట్టిన కొట్టం. 1826 నుంచి ఏడేళ్ళు హోటల్‌గా నడిచింది. మగవాళ్ళ గది, ఆడవాళ్ళ గది చకచకా దాటేశాం. నన్ను ఆపింది గైడ్ చెప్పిన ఒక్క ముక్క: 2000 దాకా ఈ మ్యూజియానికి అబిగైల్ ఆడమ్స్ స్మిత్ పేరే ఉండేదట. ఆవిడ అమెరికా రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ కూతురు. ఇంట్లో నాబీ అనేవాళ్ళు.

"ఇది ఆ అమ్మాయి ఇల్లా?" అంది అమ్మ.

కాదు! ఆవిడ ఇక్కడ ఒక్కరోజూ కాపురం చెయ్యలేదు. 1795లో భర్త కర్నల్ విలియం స్మిత్ ఇక్కడ 23 ఎకరాలు కొన్నాడు. జార్జ్ వాషింగ్టన్ దగ్గర పనిచేసిన అభిమానంతో ఆయన ఎస్టేటు పేరే, మౌంట్ వెర్నన్ అని పెట్టి, మేడ మొదలుపెట్టాడు. మరుసటేడు అప్పులు మీద పడి అమ్మేశాడు. ఈ కొట్టం కూడా తర్వాత కొన్నవాళ్ళ హయాంలో పూర్తయిందే.

"మీ పెద్దమ్మ స్థలంలాగే," అంది అమ్మ. గుడివాడలో పెదనాన్న శంకుస్థాపన చేసి, పునాదుల దాకా లేపి, చేపల చెరువుల్లో డబ్బు పోగొట్టుకున్నాడు. చిన్నప్పుడు ఆ పునాదుల మీద పరిగెత్తి తుమ్మముళ్ళు గుచ్చుకున్న గుర్తు నాకూ ఉంది.

వెనక తోటలో బెంచీ మీద కూర్చుని మిగతా కథ చెప్పాను. నాబీని మొదట రాయల్ టైలర్ అనే కుర్ర లాయరు ఇష్టపడ్డాడు. కుర్రాడు దుబారా మనిషని జాన్ ఆడమ్స్‌కి అనుమానం. 1784లో తల్లీ కూతుళ్ళు ఓడెక్కి ఆయన దగ్గరికి యూరప్ వెళ్ళడంతో ఆ సంబంధం తెగిపోయింది. 1786లో లండన్‌లో, అప్పుడు అమెరికా రాయబారిగా ఉన్న తండ్రి ఆఫీసులో పనిచేసే ఈ కర్నల్ స్మిత్‌తో పెళ్ళయింది. తర్వాత నాబీ తమ్ముడు చార్లెస్ ఆ కర్నల్ చెల్లెలినే చేసుకున్నాడు.

"కుండమార్పిడి! ఇక అల్లుణ్ణి ఎవరేమంటారు?" అంది అమ్మ. 1800లో మామగారే న్యూయార్క్ రేవులో ఉద్యోగం వేయించాడంటే, "వేయించక చస్తాడా?" అంది. వద్దనుకున్న టైలరేమో వెర్మాంట్‌లో ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. ఈ మాటకి అమ్మ నవ్వలేదు.

తర్వాతది చెప్పాలా వద్దా అనుకున్నాను. 1811లో నాబీకి రొమ్ము కేన్సర్. మత్తుమందులు లేని రోజులు. క్విన్సీలో, పుట్టింట్లోనే, మెలకువగా ఉండగానే కోసి తీశారు. రెండేళ్ళకి జబ్బు తిరగబెట్టింది. న్యూయార్క్ రాష్ట్రంలో తను కాపురముంటున్న ఊరి నుంచి మూడు వందల మైళ్ళు బండిలో కుదుపులు భరిస్తూ మళ్ళీ పుట్టింటికే వచ్చి, 1813 ఆగస్టులో పోయింది. 48 ఏళ్ళు.

"అప్పటికి తల్లి ఉందా?"

"ఉంది. ఇద్దరూ ఉన్నారు."

అమ్మ చీర కొంగుతో మెడ తుడుచుకుంది. మరి ట్రామ్ మాటెత్తలేదు. పార్కింగ్‌లో టైము దాటినందుకు ఇంకో 18 డాలర్లు తీసుకున్నారు.

ఎడిసన్ చేరేసరికి గుడివాడలో తెల్లారింది. చెప్పులైనా విప్పకుండా అమ్మ ఫోను తీసింది. "అక్కా, ఆ పునాది రాళ్ళు ఇంకా ఉన్నాయా, బావ అమ్మేశాడా?"