నా పడవ నీళ్ళు తాగింది, బిల్లు నేను కట్టాను

పడవల తనిఖీ గండం నిన్నటితో గట్టెక్కింది. కోపం చల్లారిపోకముందే రాసేస్తున్నాను.

నాది లేజర్ పడవ. ఒక్క మనిషి, ఒక్క తెరచాప. కెనడావాడైన బ్రూస్ కిర్బీ 1969లో గీసిన నమూనా. 2019 నుంచి దీన్ని ఐఎల్‌సీఏ అంటున్నారు గానీ, ఒడ్డున ఎవరూ ఆ పేరు పలకరు. పొడవు నాలుగు మీటర్ల పైచిలుకు, ఒట్టి పడవ బరువు సుమారు 59 కిలోలు. ఇద్దరు చెరోవైపు పట్టుకుంటే లేస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి.

చలికాలం వెళ్ళగానే కవరు తీసి, కడిగి, పాత తాళ్ళు మార్చాను. తెరచాపకు చిరుగులు లేవు. మాస్ట్, అంటే తెరచాప కట్టే స్తంభం, దాని పై ముక్కకున్న రివెట్ల చుట్టూ తెల్లటి పొడి కూడా లేదు. అల్యూమినియానికి స్టీలు తగిలిన చోట తడి చేరితే లోహం తినేసుకుపోతుంది, ఆ పొడి దాని ఆనవాలు. ట్రాలీ చక్రాలకు గాలి కొట్టాను. ఒక్క పూటలో అంతా సిద్ధం. నేను వేసే ముడులు చూసి నేర్చుకునేవాళ్ళు మా క్లబ్బులో ఉన్నారు, ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటం లేదు.

మొదటిసారి నీళ్ళలో తిప్పి వచ్చి, వెనక ఉన్న బిరడా తీస్తే ఓ గ్లాసెడు నీళ్ళు కారాయి. పెద్ద విషయమేమీ కాదు. అయినా తనిఖీ దగ్గర పడుతోంది కదా అని, క్లబ్బులో అందరూ మెచ్చుకునే రిపేరు మనిషికి అప్పజెప్పాను. ఆయన పడవను వేలి కణుపుతో రెండుచోట్ల తట్టి, "అతుకు విడిందండీ" అన్నాడు. తట్టి రోగం చెప్పే వైద్యుణ్ణి చూసినట్టు చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. డెక్కు, అంటే పడవ పైభాగం, అడుగుతో కలిసే అతుకు పొడుగునా సీలెంటు, అంటే సందులు మూసే జిగురు పూసి, బిల్లు ఇచ్చాడు. బిల్లులో చివరి వరుస, "ఇతర పూడికలు". దాని అర్థం తర్వాత తెలిసింది.

ఇక తనిఖీ. పడవలన్నీ కాసేపు నీటిలో తేలాలి, ఆ తర్వాత తనిఖీ అధికారి ఎదుట బిరడాలు తీయాలి. ఆరోజు ఎండ బాగా కాసింది. ఒడ్డున వరుసలో నిలబెట్టిన పడవల డెక్కులు చెయ్యి పెడితే చురుక్కుమంటున్నాయి. నీళ్ళు మాత్రం ఇంకా చలికాలం నీళ్ళే. ఎండను నమ్మి మామూలు చొక్కాతో పడవెక్కే శూరులు ప్రతి ఏడూ కనిపిస్తారు. గాలి వేడెక్కినంత తొందరగా నీళ్ళు వేడెక్కవు. 15 డిగ్రీల లోపు నీళ్ళలో హఠాత్తుగా పడితే మొదటి నిమిషంలోనే ఊపిరి అదుపు తప్పుతుంది, ఎంతటి ఈతగాడైనా సరే. లైఫ్ జాకెట్ తొడుక్కోమంటే వాళ్ళు నన్ను ముసలమ్మలా చూస్తారు. చూడనివ్వండి.

నా పడవను ట్రాలీ మీదికి ఎత్తబోతే ఇద్దరికి లేవలేదు. నలుగురం పట్టాం. బిరడా తీయగానే నీళ్ళు ధారగా పడ్డాయి. పడుతూనే ఉన్నాయి. ఆప్టిమిస్టులనే పిల్లల చిన్న పడవలతో వరుసలో నిలుచున్న పిల్లలు దగ్గరికొచ్చి గుంపుగా చేరారు. ఒకడు వంగి చూసి, "ఇంకా వస్తున్నాయి!" అని కేక పెట్టాడు. అధికారి గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. చివరికి, "ఏమండీ, పడవ అని రాసుకోమంటారా, తొట్టి అని రాసుకోమంటారా?" అన్నాడు. పిల్లల తల్లిదండ్రులు కూడా నవ్వారు. కాగితం మీద "అనర్హం" అని రాసి, లోపల నీళ్ళు ఎలా చేరాయో చూడనైనా చూడకుండా తర్వాతి పడవ దగ్గరికి వెళ్ళిపోయాడు. తప్పు పట్టడం వరకే ఆయన ఉద్యోగమట.

రిపేరు మనిషికి ఫోను చేస్తే, "పాత పడవలు కాస్త నీళ్ళు తాగుతాయండీ" అన్నాడు. కాస్తా? రిపేరుకు ముందు గ్లాసెడు, రిపేరయ్యాక బిందెలకొద్దీ! డబ్బు తీసుకునే ముందు ఆ అతుకు సంగతి, తీసుకున్నాక ఈ పాతదనం సంగతి.

ఇక ఎవరినీ నమ్మదలచుకోలేదు. ముందు మాస్ట్ దిగే గొట్టం నిండా నీళ్ళు పోసి, మట్టం దగ్గర పెన్సిలు గీత గీశాను. లేజర్లకు ప్రాణం అక్కడే. మట్టం తగ్గితే గొట్టం అడుగున పగులు ఉన్నట్టే. అలాగే నడిపితే గట్టి గాలికి మాస్ట్ డెక్కును చీల్చుకుని బయటికొస్తుంది. గంట తర్వాత కూడా నీళ్ళు గీత మీదే ఉన్నాయి.

తర్వాత సబ్బు నీళ్ళ పరీక్ష. బిరడా కన్నంలో రబ్బరు గొట్టం పెట్టి నోటితో ఊదాలి, పడవంతా సబ్బు నురుగు పూయాలి, బుడగ లేచిన చోట చిల్లు. కంప్రెసర్ జోలికి వెళ్ళకండి, అతుకులు విచ్చుకుంటాయి. ఊదే ముందు ఒక పని ఉంది. కాక్‌పిట్, అంటే నడిపేవాడు కాళ్ళు పెట్టుకునే గుంట, దాని ముందు గోడలో, అంచు కింద, తయారీలోనే వదిలిన సన్నని గాలి రంధ్రం ఉంటుంది, దానికి టేపు వేయాలి. వేలితో తడిమాను. రంధ్రం లేదు. టార్చి వేసి చూస్తే అక్కడ నున్నగా, తెల్లగా, బఠాణీ గింజంత సీలెంటు ముద్ద.

"ఇతర పూడికలు"!

అది పడవ ఊపిరి తీసుకునే దారి. ఎండకు లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, చల్లటి నీళ్ళలోకి దింపగానే ముడుచుకుంటుంది. రంధ్రం తెరిచి ఉంటే బయటి గాలి వచ్చి ఆ లోటు తీరుస్తుంది. మూసేస్తే పడవ తనకు దొరికిన ప్రతి సందులోంచీ నీళ్ళు పీల్చుకుంటుంది. ఆ సందు ఎక్కడో కూడా నురుగు చెప్పింది. చుక్కానిని తగిలించే కింది బిగింపు స్క్రూ చుట్టూ బుడగలు ఒకదాని వెనక ఒకటి లేచాయి. ఆయన సీలెంటు పూసిన అతుకు దగ్గర, ముందూ వెనకా, ఒక్క బుడగ లేదు.

స్క్రూ ఊడదీసి, కన్నం ఆరబెట్టి, ఎపాక్సీ జిగురు నింపి, గట్టిపడ్డాక మళ్ళీ తొలిచి, సీలెంటుతో బిగించాను. గాలి రంధ్రంలోని ముద్దను సన్నటి డ్రిల్లు ముక్కతో, చేత్తోనే తిప్పుతూ తీశాను. రిపేరుకు ఇచ్చేవాళ్ళు ముందు సబ్బు నీళ్ళ పరీక్ష మీ కళ్ళ ఎదుట చేయమనండి. చేయనంటే పడవను వెనక్కి తోలుకుపోండి.

నిన్న మళ్ళీ తనిఖీకి తీసుకెళ్ళాను. ఎండ అలాగే ఉంది, నీళ్ళూ అలాగే ఉన్నాయి. బిరడా తీస్తే నాలుగు చుక్కలు రాలాయి. అధికారి నా వైపు చూడకుండా సంతకం పెట్టాడు. తొట్టి మాట ఎత్తలేదు, నేనే ఎత్తాను.

రిపేరు మనిషికి సీలెంటు ముద్దను కవరులో పెట్టి, బిల్లు డబ్బు తిరిగివ్వమని ఉత్తరంతో పాటు పంపాను. ఇంకా జవాబు లేదు.