మూడో రొట్టె

2010లో నెల్లూరు రొట్టెల పండగకు పోయి, బారా షహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి మా ఆవిడ విదేశీ రొట్టె పట్టుకుంది. అక్కడ ఒక్కో కోరికకు ఒక్కో రొట్టె, ఇది విదేశం పోవాలనుకునేవాళ్లది. కోరిక తీరినవాళ్లు మరుసటి ఏడు వచ్చి అదే రకం రొట్టె ఇంకొకరికి ఇవ్వాలి. 2011లో నేను కువైట్ వచ్చేశాను. ఆ ఏడు తను పోయి రొట్టె ఇచ్చి వచ్చింది.

మాది ఉదయగిరి పక్క మెట్ట పల్లె. ఏజెంటుకు కట్టిన 1,20,000 రూపాయలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను. నెల తిరిగితే వడ్డీకే 3,600. నా జీతం 90 దినార్లు, అప్పట్లో దినారు 170 రూపాయల లోపే. ఆరుగురం ఒకే గదిలో ఉండేవాళ్లం. ఊళ్లో మా ఆవిడ కూలికి పోయి ఇల్లు నెట్టుకొచ్చింది. అయినా పడుకుంటే నిద్ర పట్టేది. ఎందుకంటే అప్పు ఒకటే, ఇవ్వాల్సిన మనిషీ ఒకడే. మూడేళ్లకు తీరిపోయింది.

ఇప్పుడు జీతం 320 దినార్లు. దినారు 270 దాటింది. రూపాయల్లో లెక్కేస్తే అప్పటికి ఐదు రెట్ల పైమాటే. మరి నిద్ర ఎందుకు పట్టడం లేదు?

లేనివాడికి అప్పు పుట్టదు. ఆ సంగతి నాకు జీతం పెరిగాకే అర్థమైంది. అప్పట్లో ఐదు వేలు అడిగితే ముఖం తిప్పుకున్నవాళ్లే, ‘కువైట్ ఆయనకేం’ అని లక్షలు ఇస్తామన్నారు. బ్యాంకు వాళ్లూ అంతే. మా ఆవిడ సొంతిల్లు కావాలని స్వగృహ రొట్టె పట్టుకున్న రెండేళ్లకు, 2018లో ఇల్లు మొదలుపెట్టాం. రెండు గదులు చాలనుకున్నాం. ఆ ఏడే జీతం పెరిగింది, పైన మేడ లేచింది. మళ్లీ పెరిగింది, కారు వచ్చింది. ఆ కారు నేను నడిపింది సెలవుల్లో నలభై రోజులు, అంతే.

జీతం పడిన రాత్రి చిన్న నోటు పుస్తకం తీస్తాను. పంపేది 250 దినార్లు, అటూ ఇటూగా 68,000 రూపాయలు. ఇంటి లోను 26,000. చీటీ 20,000. కారు వాయిదా 13,000. మిగిలిన తొమ్మిది వేలతో ఇల్లు గడవాలి. పాప ఇంజనీరింగ్ ఫీజుకు గాజులు కుదువకు పోయాయి. ఆ పేజీలో ‘గాజులు’ అన్న మాట మీద రెండుసార్లు పెన్ను తిప్పి దిద్దాను, ఏం తోచక. పెళ్లిళ్ల చదివింపులు, గుడి చందా ఇందులో లేవు. మన చెయ్యి చూసి రాయించుకుంటారు, కాదనలేం.

ఒకప్పుడు ఉద్యోగం పోతే ఊరికెళ్లి బతకొచ్చు అన్న ధైర్యం ఉండేది. ఇప్పుడు ఒక్క నెల జీతం ఆలస్యమైతే గుండె దడ. నడుం నొప్పి ఉన్నా డాక్టరు దగ్గరికి పోవడానికి సెలవు అడగను. ఈ టెన్షన్ గదిలో అందరిదీ. ఎవరూ పైకి అనరు, అంతే.

2024 జూలైలో రొట్టెల పండగ రోజు మా ఆవిడ వీడియో కాల్ చేసింది. ఇక్కడ 50 డిగ్రీల ఎండ, బయట పనులు మధ్యాహ్నం ఆపేసే కాలం. అక్కడ మోకాళ్ల దాకా నీళ్లు, చుట్టూ జనం.

“ఏందయ్యా, ఈసారి ఏ రొట్టె పట్టుకోమంటావు?” అంది.

“ఇంటికి వచ్చేసే రొట్టె ఏదన్నా ఉందేమో చూడు” అన్నాను.

కాసేపు నీళ్ల చప్పుడే వినపడింది.

“లోను ఇంకా తొమ్మిదేళ్లుంది కదయ్యా” అంది.