పాత సెస్నాకి కొత్త ప్యానెల్: మూడు వారాలన్నారు, మూడు నెలలు పట్టింది

మా చిన్న విమానంలో వాక్యూమ్ పంపు గాల్లో ఉండగా పోయిన రోజు ఆకాశం నిర్మలంగా ఉంది. మా అదృష్టం అది. నేలా ఆకాశం కలిసే గీత ఎదురుగా తిన్నగా కనిపిస్తూనే ఉంది, ప్యానెల్‌లో ఆ గీతని చూపించే హొరైజన్ డయల్ మాత్రం విమానం మెల్లగా ఎడమకి ఒరిగిపోతున్నట్టు చూపిస్తోంది. ముందు నా కళ్లనే అనుమానించాను. తర్వాత పంపు లాగుడుని కొలిచే సక్షన్ గేజ్ చూస్తే, 5 అంగుళాల దగ్గర ఉండాల్సిన ముల్లు సున్నా మీద పడుకుని ఉంది.

మాది 1974 నాటి సెస్నా 172. ఇంజిన్ వెనక ఉండే ఒక చిన్న పంపు గాలిని లాగుతూ ఉంటుంది. ఆ గాలికే హొరైజన్‌లోనూ, విమానం ముక్కు ఏ దిక్కుకుందో చూపే హెడ్డింగ్ డయల్‌లోనూ ఉన్న జైరో చక్రాలు తిరుగుతాయి. పంపులో ఉండేవి కార్బన్ పలకలు. అరిగీ అరిగీ ఒకరోజు పటుక్కున విరుగుతాయి, ముందస్తు కబురేమీ ఉండదు. అసలు చిక్కేమిటంటే, పంపు ఆగినా చక్రం వెంటనే ఆగదు. కొన్ని నిమిషాల పాటు వేగం తగ్గుతూ తిరుగుతుంది, ఆ కాసేపూ హొరైజన్ చూపించేదంతా అబద్ధమే. మేఘంలో ఉండగా ఇలా జరిగి ఉంటే ఆ అబద్ధాన్ని నమ్మి విమానాన్ని కుడికి వంచేసేవాణ్నే.

విమానానికి ఇద్దరం ఓనర్లం. "పంపు మార్చేస్తే రేపే ఎగరొచ్చు కదరా, ఇంత హంగామా ఎందుకు?" అన్నాడు నా భాగస్వామి. నాకేమో ప్యానెల్ మొత్తం పీకించి పెద్ద స్క్రీన్లు పెట్టించాలని. వారం రోజులు వాదించుకుని మధ్యేమార్గానికి వచ్చాం. హొరైజన్, హెడ్డింగ్ రెండూ తీసేసి వాటి చోట గార్మిన్ జీ5 అనే చిన్న డిజిటల్ స్క్రీన్లు రెండు పెట్టడం, వాక్యూమ్ వ్యవస్థని మొత్తంగా వదిలించుకోవడం. జీ5 పాత డయల్ కోసం కోసిన 3.125 అంగుళాల గుండ్రటి రంధ్రంలోనే కూర్చుంటుంది. వెనక సొంత బ్యాటరీ ఉంటుంది, విమానంలో కరెంటు పోయినా 4 గంటల దాకా నడుస్తుందని కంపెనీ లెక్క. పైది పాడైతే కిందది హొరైజన్ చూపిస్తుంది. నన్ను ఒప్పించింది ఈ చివరి మాటే.

ఇంట్లో కట్టుకున్న విమానమైతే నచ్చింది పెట్టుకోవచ్చు. ఫ్యాక్టరీలో సర్టిఫై అయి వచ్చిన దానికి అలా కుదరదు. పెట్టే పరికరానికి మన మోడల్ పేరు మీద ఎస్‌టీసీ, అంటే ఫ్యాక్టరీ డిజైన్‌లో ఆ మార్పు చేయొచ్చనే అనుమతి ఉండాలి, ఆ కాగితంలో రాసినట్టే బిగించాలి. అది చదివినప్పుడు నాకు కాస్త ఒళ్లు మండింది కూడా. స్క్రీన్‌లో వేగం, ఎత్తు అన్నీ కనిపిస్తున్నా పాత ఎయిర్‌స్పీడ్ డయల్, ఎత్తు చూపే ఆల్టిమీటర్, ఎక్కుడు దిగుడు చూపించే డయల్ తీయకూడదట. విమానం మలుపుని చూపే టర్న్ కోఆర్డినేటర్‌దీ అదే కథ. మా ముసలి ఆటోపైలట్‌కి విమానం ఎటు ఒరుగుతోందో చెప్పేది అదే కాబట్టి దాన్నీ కదిలించలేం. కొత్తవి కొనేముందు పాతవాటిలో ఏది దేని మీద ఆధారపడి ఉందో ఒక కాగితం మీద గీసుకోండి. నేను ఆ పని ఆలస్యంగా చేశాను. పెద్ద స్క్రీన్లే ఆర్డర్ పెట్టి ఉంటే ఆటోపైలట్‌ని కూడా పారేయాల్సి వచ్చేది.

రేడియోల వరస మార్చాలనుకున్నాం కాబట్టి పని మొదలవకముందే అట్టముక్కతో ప్యానెల్ బొమ్మ కోసి, పరికరాల బొమ్మలు అతికించి, సీట్లో కూర్చుని చూశాను. విమానాన్ని నడిపే చేతిపిడిని, అదే యోక్‌ని, పూర్తిగా వెనక్కి లాగితే కింది వరసలో రెండు స్విచ్చులు దాని వెనక దాక్కుంటున్నాయి. కంప్యూటర్లో గీసిన బొమ్మలో ఇది తెలియలేదు.

ఇక అసలు పని. ముందున్న ప్లాస్టిక్ తొడుగు చెయ్యి వేయగానే నాలుగు ముక్కలైంది. దాని వెనక చూసింది ఇప్పటికీ గుర్తే. యాభై ఏళ్లలో ఎంతమంది చేతులు పెట్టారో అన్ని రంగుల టేపులు. ఎప్పుడో తీసేసిన, దిక్కు చూపే ఏడీఎఫ్ రేడియో తాలూకు యాంటెన్నా తీగ అలాగే చుట్టలు చుట్టుకుని ఉంది. ఒక ఎర్ర వైరు కొస ఏ టేపూ లేకుండా, యోక్ గొట్టానికి రెండు వేళ్ల దూరంలో వేలాడుతోంది. టెక్నీషియన్ మీటర్ పెట్టి చూసి నా మొహం వంక చూశాడు. అందులో కరెంటు ఉంది.

"సార్, ఈ కొస పట్టుకుని మొదలుపెడితే రెండో కొస ఎల్లుండికి తేలుతుంది," అన్నాడు.

అతిశయోక్తి కాదు. సీటు కింద నేనూ, ప్యానెల్ వెనక అతనూ, మీటర్ కుయ్యిమన్నప్పుడల్లా ఒక చీటీ అతికిస్తూ తొమ్మిది రోజులు గడిపాం. పీకేసిన వైర్లను కాటా మీద పెడితే 3 కిలోలు తూగాయి. ఏ పనీ చేయని 3 కిలోలు, ప్రతిసారీ మాతోపాటు ఎగిరినవి! మాకిచ్చిన అంచనాలో ఈ తొమ్మిది రోజులు లేవు. కొత్త పరికరాలు బిగించే పనికి మాత్రమే లెక్క కట్టారు. పాత వైర్ల సంగతి అంచనాలో ఉందో లేదో ముందే రాయించుకోండి.

స్క్రీన్లు బిగించడానికి రెండు రోజులు చాలాయి. హెడ్డింగ్ కోసం అయస్కాంత క్షేత్రాన్ని చూసే చిన్న పెట్టె ఒకటి రెక్కలో పెట్టాలి, ఇనుముకీ కరెంటు వైర్లకీ దూరంగా. పెట్టాక స్ట్రోబ్, లైట్లు, ఫ్లాప్ మోటారు ఒక్కొక్కటే వేస్తూ హెడ్డింగ్ కదులుతుందేమో చూస్తారు. మాది కదల్లేదు. తర్వాత ముందు చక్రం మీద కుదుపులు ఆపే స్ట్రట్‌లో గాలి తగ్గిస్తూ, తోక పక్కన ఫ్యాక్టరీవాళ్లు పెట్టిన రెండు స్క్రూల మీద రసమట్టం ఆనించి, విమానాన్ని సమంగా నిలబెట్టి, "ఇదే నీకు సమతలం" అని స్క్రీన్‌కి చెప్పాం.

బయటి గాలి ఒత్తిడిని డయల్స్‌కి చేర్చే స్టాటిక్ గొట్టాల పరీక్షలో దెబ్బ తగిలింది. 1,000 అడుగుల ఎత్తుకి సరిపడా ఒత్తిడి తగ్గించి మూసేస్తే, ఆల్టిమీటర్ నిమిషంలో 100 అడుగులకి మించి పడకూడదు. మాది 400 పడింది. ఎండిపోయి పెళుసెక్కిన గొట్టం ఒకటి మేము కదిలించినప్పుడు బీటిచ్చింది. అది మార్చాం.

అన్నీ అయిపోయాయనుకున్నాక కంపాస్ మొరాయించింది. అద్దం మీద ఉండే మామూలు ద్రవం కంపాస్, ప్యానెల్లో అన్నిటికంటే సాదా వస్తువు. ఉత్తరం వైపు నిలబెడితే 20 డిగ్రీలు తేడా చూపిస్తోంది. కొత్త వైర్లని అనుమానించాం, స్క్రీన్లని అనుమానించాం, ఒక్కొక్కటీ ఆపి చూశాం. మూడో రోజు టెక్నీషియన్ పక్కనున్న పెన్నులాంటి అయస్కాంతాన్ని ప్యానెల్ పైనుండే గ్లేర్‌షీల్డ్ స్క్రూల మీదుగా జరుపుతూ పోతుంటే ఒకటి టిక్కుమని అంటుకుంది. ఇత్తడి స్క్రూ ఉండాల్సిన చోట ఎవరో చేతికి దొరికిన ఇనుప స్క్రూ బిగించారు. ఆ ఎవరో నేనే. కంపాస్ మొరాయించడానికి ముందురోజు సాయం చేస్తానని ఉత్సాహపడి నాలుగు స్క్రూలు బిగించింది నేనే మరి.

బరువు, సమతూకం కాగితాలు తిరగరాశారు. ముందుభాగంలో బరువు తగ్గింది కాబట్టి గరిమనాభి కొంచెం వెనక్కి జరిగింది. హ్యాండ్‌బుక్‌లో కొత్త పేజీలు, లాగ్‌బుక్‌లో సంతకాలు. ఇవి చప్పున అయ్యాయి.

ఒక్క సెట్టింగ్ గురించి మాత్రం చెప్పాలి. మా విమానం పాత డయల్, హ్యాండ్‌బుక్ రెండూ గంటకి మైళ్లలో ఉంటాయి. స్క్రీన్‌ని నాట్లలో, అంటే గంటకి నాటికల్ మైళ్లలో పెట్టి వదిలేశారు. ల్యాండింగ్‌కి 70 మైళ్లతో వచ్చే అలవాటు నాది. స్క్రీన్ చూసి 70 పట్టుకుంటే అవి 70 నాట్లు, అంటే దాదాపు 80 మైళ్లు. ఆ తేడాకి విమానం దిగనని తేలుతూనే రన్‌వే సగం తినేస్తుంది. ఎగరకముందే పాత డయల్, స్క్రీన్ పక్కపక్కన చూస్తే పట్టుకున్నాం, మైళ్లలోకి మార్పించాం. తీయనివ్వలేదని నేను తిట్టుకున్న డయల్ అది.

మొదటిసారి పగటిపూట, పక్కన ఇన్‌స్ట్రక్టర్‌ని కూర్చోబెట్టుకుని ఎగిరాను. తిన్నగా ఎగరడమే రాలేదు! పాత ఆల్టిమీటర్ ముల్లు 20 అడుగుల తేడాని పట్టించుకునేది కాదు. స్క్రీన్‌లో అంకెలు ప్రతి చిన్న కదలికకీ దొర్లుతుంటే వాటి వెంటపడి యోక్‌ని ఊపుతూనే ఉన్నాను. ఇన్‌స్ట్రక్టర్ చూసి చూసి ఒక చీటీ చింపి అంకెల మీద అతికించారు. "బయటికి చూడండి," అన్నారు. ఐదు నిమిషాల్లో కుదురుకున్నాను.

పాత హెడ్డింగ్ జైరో పక్కకి జారుతూ ఉండేది కాబట్టి పావుగంటకోసారి కంపాస్ చూసి నాబ్ తిప్పి సరిచేయాలి. ఇప్పుడు ఆ అవసరం లేదు. అయినా పావుగంట అవగానే చెయ్యి దానంతటదే అక్కడికి వెళుతోంది.