క్యాజువాలిటీలో స్కాన్ నేర్చుకున్న విధం: నా అనుభవం

విశాఖపట్నంలోని ఒక ఆసుపత్రి అత్యవసర విభాగంలో చేరిన కొత్తలో, అల్ట్రాసౌండ్ అంటే రేడియాలజీ వారి పని అనే నేను అనుకునేదాన్ని. పదహారో నంబరు జాతీయ రహదారి మీద గాజువాక వైపు నుంచీ మధురవాడ వైపు నుంచీ రాత్రివేళ బైకు ప్రమాదాల కేసులు మాకు వస్తూనే ఉంటాయి. తల పగిలినవారిని, కాలు విరిగినవారిని చూసి కంగారు పడడం సహజమే గాని, పైకి గీత కూడా పడకుండా కడుపులో రక్తం కారుతున్నవారితోనే అసలు ప్రమాదం. బీపీ నిలకడగా లేని మనిషిని సీటీ గదికి పంపితే అక్కడే ప్రాణం మీదికి రావచ్చు. పంపకపోతే రక్తం ఎటు పోతోందో తెలియదు. ఆ స్థితిలో స్ట్రెచర్ కదపకుండానే దారి చూపేది ఫాస్ట్ స్కాన్, అంటే లోపల రక్తం చేరిందేమో అల్ట్రాసౌండ్‌తో అక్కడికక్కడే చూసే పరీక్ష.

ఎక్కడెక్కడ చూడాలో నేర్చుకోవడానికి ఒక పూట చాలింది. కుడివైపు కాలేయానికీ మూత్రపిండానికీ నడుమ, ఎడమవైపు ప్లీహం చుట్టూ, పొత్తికడుపులో మూత్రాశయం వెనుక, ఛాతీ ఎముక దిగువ నుంచి గుండె చుట్టూ ప్రోబ్ (ఒంటి మీద ఆనించే స్కాన్ పరికరం) పెట్టి చూస్తాము. కొత్తగా కారిన రక్తం తెర మీద నల్లగా కనిపిస్తుంది. ఊపిరితిత్తులను కూడా చూస్తే దాన్నే ఈఫాస్ట్ అంటారు. మొత్తం ఐదు నిమిషాల లోపు పనే అయినా, చేయి కుదరడానికి నాకు నెలలు పట్టింది. పక్కటెముక నీడను, మూత్రపిండం చుట్టూ ఉండే కొవ్వును రక్తమనుకుని సర్జన్‌ను నిద్రలేపిన రాత్రులు కూడా ఉన్నాయి. మా యంత్రం పక్కనే, చట్టం ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రమూ ‘ఇచ్చట లింగ నిర్ధారణ చేయబడదు’ అనే బోర్డూ ఉంటాయి. యాక్సిడెంట్ కేసుతో వచ్చిన బంధువులు ఆ బోర్డును చూసి తికమకపడడం మాకు అలవాటే.

ఒక వానాకాలపు రాత్రి ఎన్‌ఏడీ కూడలి దగ్గర బైకు జారి పడిన పాతికేళ్ల కుర్రాడిని 108లో తీసుకువచ్చారు. నాడి 116, బీపీ 108/70. ఎడమ పక్కటెముకల మీద నొక్కితే మూలిగాడు తప్ప పైకి మరే గాయమూ లేదు. “పైకి దెబ్బేటీ కనిపించనేదు కదమ్మా, ఇంటికి తీసుకుపోవచ్చా?” అని వాళ్లమ్మ అడుగుతూనే ఉంది. కుడి, ఎడమ, గుండె చూశాను. నలుపు ఎక్కడా కనిపించలేదు. పొత్తికడుపు దగ్గరకు వచ్చేసరికి మూత్రాశయం ఖాళీగా ఉంది, ఎందుకంటే స్కాన్‌కు ముందే యూరిన్ పైపు వేయించింది నేనే. నిండిన మూత్రాశయం ఆ భాగానికి కిటికీ వంటిది. అది లేకపోతే పేగుల్లోని గాలి తప్ప వెనుక ఏముందో తెలియదు. అయినా కేసు షీటులో ‘నెగటివ్’ అని రాసేశాను.

మా సీనియర్ సార్ ఆ మాటను చూసి, “రక్తం లేదని రాశావా, నీకు కనిపించలేదని రాశావా?” అని మాత్రం అడిగారు. కోపంగా అడిగి ఉంటే నేను అంతగా సిగ్గుపడేదాన్ని కాదేమో. కడుపులో కనీసం 200 మిల్లీలీటర్లయినా చేరనిదే ఈ స్కాన్‌లో తేలిగ్గా తెలియదని, వెన్ను వైపున, కడుపు లోపలి పొర వెనుక కారే రక్తం దీనికి సరిగా అందదని నేను చదివి పరీక్ష రాసినదాన్నే.

పాతిక నిమిషాలలో అతని నాడి 134కు పెరిగింది, బీపీ 84కు పడిపోయింది. తల వైపు మంచాన్ని కాస్త దించి మళ్లీ స్కాన్ మొదలుపెట్టాను. ఈసారి సార్ నా మణికట్టు పట్టుకుని ప్రోబ్‌ను రెండు వేళ్ల మేర కిందికి, కాలేయపు అడుగు కొన దాకా జరిపారు. అక్కడ, కాలేయానికీ మూత్రపిండానికీ మధ్య, కాటుక గీసినట్టు సన్నని నల్లని చార. దెబ్బ తగిలింది ఎడమవైపు అయినా, వెల్లకిలా పడుకున్న మనిషి కడుపులో రక్తం తరచుగా వచ్చి చేరే పల్లం ఆ కుడివైపు చోటే. మొదటిసారి నేను కాలేయం మధ్య భాగం చూసి, అంతటితో ఆగిపోయాను.

సీటీ ఊసు ఎవరూ ఎత్తలేదు. రక్తం ఎక్కిస్తూనే అతన్ని ఓటీకి తీసుకువెళ్లారు. ప్లీహం చీలి ఉందని, తొలగించవలసి వచ్చిందని సర్జన్ తెల్లవారుజామున చెప్పారు. ప్లీహం లేనివారికి న్యుమోకోకస్ వంటి సూక్ష్మజీవుల బెడద ఎక్కువ కనుక, వేయించవలసిన టీకాల పేర్లు డిశ్చార్జి కాగితం మీద నేనే రాసి వాళ్లమ్మకు రెండుసార్లు వివరించాను.

ఆ రాత్రి తరువాత నా కేసు షీట్లలో ‘నెగటివ్’ అన్న మాట పక్కన స్కాన్ చేసిన సమయమూ, ఏ చోటు సరిగా కనిపించలేదో ఆ వివరమూ ఉంటున్నాయి. యూరిన్ పైపు ట్రే పట్టుకుని వచ్చే సిస్టర్ నన్ను చూడగానే ఇప్పుడు తానే ఆగి, “మీ స్కాన్ అయిందా మేడమ్?” అని అడుగుతోంది.